మంచు కనుమల దారిలో సాధు సుందర్ సింగ్

మన సంఘములలో సాధు సుందర్ సింగ్ గారి పేరు వినని వారు అరుదు. కాషాయ వస్త్రము, తలపాగా, నల్లని గడ్డము, శాంతమైన కన్నులు గల ఆ పటము మన పెద్దల ఇండ్లలో గోడల మీద ఉండేది. మంచు తుఫానులో పడియున్న మనిషిని వీపున మోసుకొని పోయిన కథ ఆదివారపు బడి పిల్లలకు కూడా వచ్చు. అయినను ఆయన ఏ దారిని నడిచారు, ఆ దారి ఎట్టిది, ఎందుకు మరల మరల అదే దారికి పోయారు అని అడిగితే చెప్పగలవారు తక్కువ. నేను కూడా వేదాంత కళాశాలలో చదివిన రోజులలో ఆయన దర్శనములను గూర్చి చదివానే గాని, ఆయన పాదములను గూర్చి ఆలోచించలేదు. ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక దైవజనుని జీవితము వ్రాయమని పెద్దలు కోరినప్పుడు, భారతదేశపు పటము ముందు పెట్టుకొని సట్లెజ్ నదిని వేలితో పైకి పట్టుకొని పోతూ ఆయన జీవితమును మరల చదివాను. అట్లు చదివినది ఇక్కడ వ్రాస్తున్నాను.

సుందర్ సింగ్ గారు 1889 సెప్టెంబరు 3వ తేదీన పంజాబులో, అప్పటి పటియాలా సంస్థానములోని రాంపూర్ గ్రామమున జన్మించారు. తండ్రి షేర్ సింగ్ గారు కలిగిన భూస్వామి, సిక్కు మతస్థుడు. తల్లి భక్తిపరురాలు. ఆమె చిన్నవాడైన కుమారుని వెంటబెట్టుకొని సాధువుల యొద్దకు తీసికొని పోయేది, తెల్లవారుజామున లేపి ప్రార్థన చేయించిన తరువాతనే ఆహారము పెట్టేది. ఏడేండ్ల వయస్సునకే ఆ బాలునికి భగవద్గీత కంఠస్థమైనది. ఈ కుమారుడు సాధువు కావాలనే కోరికను బిడ్డలో నాటినది ఆ తల్లియే. క్రైస్తవుడైన తరువాత కూడా ఆయన తల్లిని తలంచి మాట్లాడని సభ లేదని ఆయనను ఎరిగినవారు వ్రాశారు.

పదునాలుగేండ్ల వయస్సులో తల్లి చనిపోయింది. అప్పటికి గ్రామములోని ప్రెస్బిటేరియన్ మిషను బడిలో చదువుతున్న ఆ బాలుని దుఃఖము కోపముగా మారింది. ఉపదేశకుల మీద రాళ్ళు విసిరాడు. 1904 డిసెంబరులో సువార్త గ్రంథమును చింపి కాల్చివేశాడు. ఆ తరువాత మూడవ రోజున, డిసెంబరు 18వ తేదీ తెల్లవారకముందు, దేవుడున్నాడో లేడో తనకు కనబడనియెడల ఇంటి దాపున పోయే రైలు క్రింద పడి చావవలెనని నిశ్చయించుకొని ప్రార్థించాడు. ఆ చీకటిలో తనకు కనబడినది తాను ఎదురుచూచిన దేవత కాదని, యేసు ప్రభువని ఆయన చివరి వరకు సాక్ష్యమిచ్చారు. ఈ సంగతి మనకందరికీ తెలిసినదే గనుక ఇంతకంటె వ్రాయను.

తరువాత జరిగినది ఎరిగినవారు తక్కువ. తన పొడవైన జుట్టును కత్తిరించుకొన్న రోజున తండ్రి ఇల్లు విడిచి పొమ్మన్నాడు. వెళ్ళేముందు పెట్టిన భోజనములో విషము కలిపారు. రోపడ్ చేరేసరికి చావు బ్రతుకుల మధ్య ఉన్నాడు. అక్కడి క్రైస్తవులు ఆయనను కాపాడారు. 1905 సెప్టెంబరు 3న, పదునారేండ్లు నిండిన దినమున, సిమ్లాలోని సెయింట్ థామస్ దేవాలయములో బాప్తిస్మము పొందారు. కొద్ది కాలములోనే ఉన్న కొద్దిపాటి వస్తువులు పంచిపెట్టి కాషాయము కట్టి, ఒక కంబళి, ఒక క్రొత్త నిబంధన చేతపట్టుకొని కాలినడకన బయలుదేరారు. చెప్పులు లేవు. ఆ చెప్పులు లేని నడకయే చివరకు ఆయనకు రక్తపు పాదముల అపొస్తలుడను పేరు తెచ్చిపెట్టింది.

ఇక ఆ దారిని గూర్చి.

సిమ్లా నుండి ఈశాన్యముగా సట్లెజ్ లోయ వెంబడి టిబెట్టు సరిహద్దు వరకు పోయే బాటను హిందుస్థాన్ టిబెట్ రోడ్డు అనేవారు. డల్హౌసీ ప్రభువు గవర్నర్ జనరలుగా ఉన్న కాలములో, 1850లో, దీని నిర్మాణము ఆరంభమైనది. రోడ్డు అనే పేరే గాని సిమ్లా దాటిన తరువాత అది మనుష్యులు, కంచరగాడిదలు పోయే బాట మాత్రమే. దేవదారు అడవుల గుండా నార్కండా చేరి, అక్కడినుండి కోట్‌గఢ్ మీదుగా సట్లెజ్ లోయలోకి దిగి, రాంపూర్ బుషహర్ దాటి, ఆ పైన కిన్నౌర్ ప్రాంతములో ప్రవేశిస్తుంది. (ఈ రాంపూర్ వేరు, ఆయన పుట్టిన రాంపూర్ వేరు. రెంటినీ ఒకటిగా వ్రాసిన పుస్తకము నా చేతికి వచ్చింది.) కిన్నౌరులో రోగీ గ్రామము యొద్ద బాట నిలువు కొండ చరియలో చెక్కబడి యున్నది. ఒక ప్రక్క రాయి, మరొక ప్రక్క వేల అడుగుల లోతు. కొన్ని తావులలో రాతిలో దిగగొట్టిన దూలముల మీద పలకలు పరచి దారి చేసేవారు. వాగులు దాటడానికి తాళ్ళ వంతెనలు. కొండ విరిగి పడినప్పుడు బాట మాయమగును. మరల ఎవరో ఒకరు నడిచి క్రొత్త బాట వేయవలసినదే.

పైకి పోయే కొలది చెట్లు తగ్గును. కిన్నౌరు పై భాగమునకు వానకాలపు మేఘము అంతగా చేరదు. పచ్చదనమంతా ఊటనీరు పారే పొలముల వరకే. మిగిలినదంతా ఎండిన రాయి. పూ అను గ్రామము దాటిన తరువాత షిప్కీ కనుమ, దాని ఆవల టిబెట్టు. చలికాలమంతా మంచుతో మూసికొనిపోయి, వేసవి నడిమికి గాని ఎత్తైన కనుమలు తెరుచుకొనవు, శరత్కాలము రాగానే మరల మూసికొంటాయి. సమతలమున మనము రెండు ఊపిరులతో ఎక్కే మెట్టు అక్కడ పది ఊపిరులు అడుగుతుంది. గాలి పలుచన గనుక తలనొప్పి, వాంతి, నిద్రలేమి బలవంతులను కూడా పడగొట్టును. మంచు మీద ఎండ పడి కన్నులు మసకబారును. తోడు లేనివాడు దారి తప్పిన యెడల అతని సంగతి ఎవరికీ తెలియదు. మన తీర ప్రాంతపు వేసవిలో చెమట తుడుచుకొంటూ ఇది వ్రాస్తున్న నాకు ఆ చలి ఊహకు అందదు. చెప్పులు లేకుండ అక్కడ నడిచినవానిని తలచినప్పుడు మాత్రము అరికాళ్ళు జలదరిస్తాయి.

ఆయన ఒక్కసారిగా ఆ దారికి పోలేదు. మొదట పంజాబు, కాశ్మీరు, ఆఫ్ఘన్ సరిహద్దు వైపు తిరిగారు. సిమ్లాకు దాపుననున్న సబాథులో కుష్ఠరోగుల ఆశ్రమమున్నది. అక్కడ శామ్యూల్ స్టోక్స్ అను అమెరికా దేశపు యువకుని పరిచయమైనది. ధనవంతుల ఇంటి బిడ్డయైన స్టోక్స్ కూడా కాషాయము కట్టి ఈ పదునేడేండ్ల కుర్రవానితో కలిసి నడిచాడు, కుష్ఠరోగులకు పరిచర్య చేశాడు. (స్టోక్స్ గారి కథ వేరే వ్రాయదగినది. కోట్‌గఢ్‌లోనే స్థిరపడి, అమెరికా నుండి ఆపిల్ మొక్కలు తెప్పించి నాటి, ఆ కొండల వారి బ్రతుకు మార్చి, జాతీయోద్యమములో చెరసాలకు పోయి, 1932లో హిందూమతము స్వీకరించాడు. ఇద్దరు స్నేహితులు ఒకే బాటన బయలుదేరి ఇంత దూరము విడిపోవడము నన్ను చాలా ఆలోచింపజేసింది.)

కోట్‌గఢ్ సుందర్ సింగ్ గారికి విడిది అయినది. సిమ్లా నుండి సుమారు 50 మైళ్ళు. దిగువనుండి వచ్చే ఎండను, పైనుండి వచ్చే చలిని రెంటినీ చూచే స్థలము. వేసవి వచ్చి కనుమలు తెరుచుకొనేసరికి ఆయన అక్కడినుండి బయలుదేరేవారు. 1908లో, పందొమ్మిదేండ్ల వయస్సులో, మొదటిసారి టిబెట్టు వైపు నడిచారు. భాష రాదు. దారి ఎరుగరు. పూ గ్రామములో మొరేవియన్ మిషనరీలు 1865 నుండి పనిచేస్తున్నారు. ఆ మిషనుకే చెందిన యెష్కే అను పండితుడు కెలాంగులో కూర్చుండి ఏండ్ల తరబడి శ్రమించి క్రొత్త నిబంధనను టిబెట్టు భాషలోకి తెచ్చాడు. అది 1885లో వెలువడింది. పూలోని మిషనరీలు ఈ యువకునికి ఆశ్రయమిచ్చి, కొంత భాష నేర్పి, తోడుగా తమ పనివాడిని ఒకనిని పంపారు. మనము సాధువును ఒంటరిగా నడిచినవానిగా పటములో చూస్తాము. కాని ఆయన నడవక ముందు ఆ కొండలలో నలుబదేండ్లు పనిచేసి, నిఘంటువులు వ్రాసి, అక్కడే సమాధి చేయబడినవారు ఉన్నారని మరువకూడదు.

ఆవలి ప్రక్క ఆహారము వేయించిన యవల పిండి, వెన్నయు ఉప్పును వేసి చిలికిన తేనీరు. గోధుమ రొట్టె తిని పెరిగిన పంజాబీ బిడ్డకు అది మొదట గొంతు దిగలేదు. చన్నీళ్ళలో స్నానము చేయుట చూచి అక్కడివారు విస్తుపోయారట. పరిశుద్ధుడైనవాడు స్నానము చేయడని వారి నమ్మకము. స్నానము చేయువాడు మంచి సన్న్యాసి కాడని కొందరు అనుమానించారు. మన దేశములో శుచి లేనివాడు సాధువు కాడు, కనుమ దాటితే శుచి గలవాడు సాధువు కాడు! ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. తాషీగాంగ్ అనుచోట ఒక లామా ఆయనను ఆదరించి, జనులను పిలిపించి మాట్లాడనిచ్చాడు. అన్ని చోట్ల అట్లు జరుగలేదు. అన్యమత బోధ అక్కడ నిషిద్ధము. చాలా గ్రామములలో ఆయనకు పశువుల కొట్టము లేక బండచాటు మాత్రమే పడక.

1909లో పెద్దల సలహా మీద ఆయన లాహోరులోని సెయింట్ జాన్స్ డివినిటీ కళాశాలలో చేరారు. అక్కడి జీవితము ఆయనకు సరిపడలేదు. కొంతకాలము చదివి బయటికి వచ్చారు. లాహోరు బిషప్పు లెఫ్రాయ్ గారు ఆయనకు ప్రసంగించుటకు అనుమతి పత్రము ఇచ్చి, గురువుగా అభిషేకించవలెనని కూడా తలంచారు. అయితే ఆ పత్రము ఒక డయోసిస్ హద్దులకు లోబడినది. ఆయన హద్దులు దాటి అన్ని సంఘముల మధ్యకు పోదలచిన మనిషి. అందుచేత ఆ పత్రమును బిషప్పు గారికే తిరిగి ఇచ్చివేశారు. బిషప్పు గారు కోపగించుకొనలేదు, ఆయనను అర్థము చేసికొన్నారు. సంఘమును విడిచిపెట్టలేదు, సంఘమును దూషించలేదు, పత్రము మాత్రము వదలుకొన్నారు.

ఈ భాగము వ్రాసేటప్పుడు నా కలము కొంత ఆగింది. నేను అట్టి పత్రము గలవాడను. నా గది గోడకు అది చట్రములో వ్రేలాడుతున్నది. దానివలన నాకు జీతము, ఇల్లు, గౌరవము కలిగాయి. ఆయన చేసినది అందరూ చేయదగినదని నేను చెప్పను. అందరు గురువులు పత్రములు తిరిగి ఇచ్చి కొండలెక్కితే బాప్తిస్మములు, వివాహములు, సమాధి కార్యక్రమములు ఎవరు జరిపింతురు? వ్యాధిగ్రస్తుని మంచము ప్రక్కన ఎవరు కూర్చుందురు? కాని బిషప్పు లెఫ్రాయ్ గారిని తలచినప్పుడు నాకు అసూయ కలుగుతుంది. తన చట్టములో ఇమడని మనిషిని పోనిచ్చి, ఆశీర్వదించగలిగిన పెద్దమనిషి ఆయన.

అప్పటినుండి దాదాపు ప్రతి వేసవి హిమాలయము వైపే. చలికాలమందు పంజాబు, ఉత్తరాది మైదానములు, కనుమలు తెరువగానే కొండలు. మంచు తుఫాను సంఘటన ఆ సంవత్సరముల లోనిదే. టిబెట్టు మనిషి ఒకడు, ఈయన కలిసి కనుమ దాటుతుండగా దారి క్రింద జారిపడి ప్రాణముతో కొట్టుకొంటున్న మనిషి కనబడ్డాడు. ఆగితే ముగ్గురమూ చస్తామని తోటివాడు ముందుకు సాగిపోయాడు. సాధువు దిగిపోయి ఆ మనిషిని కంబళితో వీపుకు కట్టుకొని కష్టముతో పైకెక్కి నడిచారు. కొంత దూరము పోయేసరికి ముందు వెళ్ళినవాడు మంచులో బిగుసుకొని చచ్చి పడియున్నాడు. మోయుట వలన పుట్టిన వేడి, రెండు దేహములు ఒరుసుకొనుట వలన కలిగిన వేడి వీరిద్దరినీ బ్రతికించింది. ప్రాణమును రక్షించుకొనగోరువాడు దాని పోగొట్టుకొనును అను ప్రభువు మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ లేదని ప్రసంగీకులందరూ దీనిని వాడుకొన్నారు. నేనూ వాడుకొన్నాను. కాని చచ్చినవానిని గూర్చి ఏ ప్రసంగములోను ఒక్క కన్నీటి బొట్టు విడిచినట్లు నేను వినలేదు. అతడు కూడా ఆ దారి ఎరిగినవాడే. అట్టి గాలిలో ఆగరాదని తన పెద్దల వలన నేర్చుకొన్నవాడు, ఎవరి కుమారుడో, ఎవరి భర్తో.

1918లో దక్షిణ దేశమునకు వచ్చారు. మద్రాసు, తిరువాన్కూరు, సింహళము తిరిగారు. ఆయనను చూడడానికి వేల మంది కూడేవారు. దక్షిణ తిరువాన్కూరులో లండన్ మిషనుకు చెందిన రెబెక్కా పార్కర్ దొరసానిగారు ఆయన జీవితమును మొదట వ్రాసిన వారిలో ఒకరు. ఆయన ఆమెను తల్లిగా భావించారు. అక్కడినుండి బర్మా, మలయా, చైనా, జపాను. ఇంతలో ఒక గొప్ప కార్యము జరిగింది. విషము కలిపిన ఇంటి యజమానియైన తండ్రి షేర్ సింగ్ గారే క్రీస్తును అంగీకరించి, కుమారుడు ఇంగ్లండు పోవడానికి ప్రయాణపు ఖర్చు ఇచ్చారు. 1920లో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాలు, 1922లో పాలస్తీనా, స్విట్జర్లాండు, జర్మనీ, స్వీడను మొదలైన దేశములు తిరిగారు. స్వీడను ఆర్చిబిషప్పు సోడర్‌బ్లోమ్ గారు ఆయనను గూర్చి పుస్తకము వ్రాశారు. పాదముల యొద్ద కూర్చున్నట్లు తాను ఉర్దూలో వ్రాసిన సంభాషణల గ్రంథము అప్పటికే అనేక భాషలలోకి పోయింది. ఐరోపా ఆయనను చూచి మురిసింది. ఆయన మాత్రము ఆ పొగడ్తలకు అలసి తిరిగి వచ్చారు.

మురిసిన ఐరోపాయే మూడేండ్లలో ఆయనను బోనులో నిలువబెట్టింది. జెస్యూట్ సంఘమునకు చెందిన హోస్టెన్ అను పండితుడు, జూరిచ్‌లో పాస్టరుగాను మనస్తత్వ పరిశోధకుడుగాను ఉన్న ఆస్కార్ ఫిస్టర్ మొదలైనవారు ఆయన చెప్పిన సంగతులను ఒక్కొక్కటిగా పరీక్షించారు. కైలాస పర్వతము మీద మూడు వందల యేండ్లు దాటిన క్రైస్తవ మహర్షిని 1912లో కలిసినట్లు ఆయన చెప్పారు. రాసర్ అనుచోట తనను ఎముకలు, శవములు నిండిన ఎండిన బావిలో పడవేసి తాళము వేయగా, మూడవ రాత్రి ఎవరో త్రాడు విడిచి పైకి లాగినట్లు, తాళపుచెవి మరల లామా నడుము వద్దనే దొరికినట్లు చెప్పారు. వీటికి సాక్షులెవరు, ఆ ఊరు పటములో ఎక్కడ అని వారు అడిగారు. కొందరు ఇంకా ముందుకు పోయి, ఈయన అసలు టిబెట్టులో అడుగే పెట్టలేదన్నారు. జర్మనీలో ఫ్రెడ్రిక్ హైలర్ అను ఆచార్యుడు ఆయన పక్షమున పెద్ద గ్రంథము వ్రాశాడు. ఉత్తరములు, సాక్ష్యములు సేకరించబడ్డాయి. కొండదారిని ఆయన పోవుట, రావుట ఎరిగినవారు చెప్పినదానివలన ఆయన ఆ దారి నడిచినవాడనుట నాకు నమ్మదగినదిగా తోస్తున్నది. మహర్షి సంగతి మాత్రము ఎవరును రుజువు చేయలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము నేను ఆ మహర్షి కథను జరిగిన సంగతిగా ప్రసంగములో చెప్పాను. ఆరాధన ముగిసిన తరువాత సంఘములోని ఒక విద్యార్థి వచ్చి, అయ్యగారూ, మూడు వందల యేండ్ల మనిషిని మీరు నమ్ముతున్నారా అని మర్యాదగా అడిగాడు. ఏదో చెప్పి పంపివేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను నమ్ముతున్నానో లేదో ఎన్నడూ నన్ను నేను అడిగికొనలేదు, సభలో జనులు చెవియొగ్గి వింటారు గనుక చెప్పాను. సాధువు అబద్ధమాడినాడని నేను తలంచను. నెలల తరబడి ఒంటరిగా, ఆకలితో, పలుచని గాలిలో నడిచినవానికి, దర్శనములు కలుగు స్వభావము గలవానికి, చూచినదానికిని దర్శించినదానికిని మధ్య గీత సన్నగిల్లి యుండవచ్చునని ఆయనను ప్రేమించిన స్నేహితులే కొందరు తలంచారు. నేనును అట్లే తలంచుచున్నాను. తరువాత ఆ విద్యార్థిని పిలిచి ఈ మాటే చెప్పాను. ఆయన నడక నిజము, ఆయన పాదముల రక్తము నిజము, అవి ఉండగా బావి తాళపుచెవితో నాకు పనిలేదు. ఇందులో నాతో ఏకీభవించని పెద్దలు మన సంఘములో ఉన్నారు. వారిమీద నాకు గౌరవమే.

ఆరోపణలకు ఆయన ఎక్కువగా జవాబు చెప్పలేదు. పుస్తకముల మీద వచ్చిన ధనముతో సబాథులో ఒక పాత ఇల్లు కొని అందులో ఉండి ధ్యానము చేశారు, వ్రాశారు. సత్యాన్వేషణ, ధ్యానము, ఆత్మలోక దర్శనములను గూర్చిన చిన్న గ్రంథములు ఆ ఏండ్లలో వెలువడ్డాయి. దేహము దెబ్బతిన్నది. గుండె బలహీనమైనది, కన్నులు బాధించాయి. పదునారేండ్ల నుండి చెప్పులు లేక, వేళకు తిండి లేక తిరిగిన దేహము ముప్పది అయిదేండ్లకే ముసలిదైపోయింది. అయినను వేసవి వచ్చి కనుమలు తెరుచుకొనే కాలమునకు మనస్సు నిలువదు. 1927లో టిబెట్టు వర్తకులతో బయలుదేరారు. ఈసారి సట్లెజ్ దారి కాదు, బదరీనాథ్ యాత్రికులు పోయే గంగా లోయ దారి. కొంత దూరము నడిచేసరికి కడుపులోనుండి రక్తము పడి స్పృహ తప్పింది. వర్తకులే ఆయనను వెనుకకు తీసికొనివచ్చారు.

స్నేహితులు ఇక వద్దన్నారు. వారి మాట న్యాయమైనదే. టిబెట్టు పొమ్మని ఆయనకు ఆజ్ఞ ఇచ్చిన సంస్థ లేదు. ఇరువది యేండ్లు నడిచినా అక్కడ ఒక సంఘము ఏర్పడలేదు. వ్రాయవలసిన పుస్తకములున్నాయి, ఆయన మాట వినగోరే యువకులు దేశమంతటా ఉన్నారు. ఇదంతా విడిచి, చచ్చుట దాదాపు నిశ్చయమైన దారికి పోవుట విధేయతయా, మొండితనమా? ఈ ప్రశ్నను నేను తప్పించుకొనలేకపోయాను. ఆయన మరణమును గూర్చి మాట్లాడిన తీరు చూస్తే హతసాక్షి కావలెనను కోరిక ఆయనలో చిన్ననాటినుండి ఉన్నదనిపిస్తుంది. అట్టి కోరిక ప్రమాదకరమైనదని ఆది సంఘపు పెద్దలే హెచ్చరించారు. కాని మరియొక ప్రక్క చూడండి. ఐరోపా అంతా పిలిచినది, ఆయన పోలేదు. పొగడ్త ఉన్నచోట నిలువక, తనను ఎరిగినవారు లేనిచోటికే పోయారు. తూచి చెప్పవలెనంటే నా త్రాసు ఒక్కొక్క రోజున ఒక్కొక్క వైపు మ్రొగ్గుతుంది. నా వయస్సు నలుబది దాటింది, ఆయన ముప్పది తొమ్మిదవ యేటనే వెళ్ళిపోయారు. ఆయనకంటె పెద్దవాడనై ఆయనను తప్పుపట్టడము నాకు సుఖముగా లేదు.

1929 ఏప్రిల్ 18న ఆయన సబాథు నుండి చివరిసారి బయలుదేరారు. ప్రమాదము ఎరిగియే పోతున్నట్లు ఉత్తరము వ్రాసి పెట్టారు. యాత్రికుల దారిని పైకి పోయి, వర్తకులను కలిసికొని, నీతి కనుమ మీదుగా టిబెట్టులో ప్రవేశించవలెనని ఉద్దేశము. ఆ కనుమ ఎత్తు సుమారు 16,600 అడుగులు. అది భోటియా వర్తకుల దారి. వారు గొర్రెల మీద, మేకల మీద చిన్న చిన్న సంచులు కట్టి ధాన్యము పైకి, ఉప్పు, ఉన్ని క్రిందికి తెచ్చేవారు. వేసవి ఆరంభమున క్రింది భాగము బదరీనాథ్ యాత్రికులతో నిండియుండును. పై భాగము మంచు, హిమనదములు, కదలే రాళ్ళు. జూను గడిచింది, ఆయన తిరిగి రాలేదు. ఉత్తరము లేదు. ఆయన ఉర్దూ రచనలను ఆంగ్లములోకి తేవడములో తోడ్పడిన న్యూజీలాండ్ మిషనరీ రిడిల్ గారు తోడు తీసికొని ఆ దారిని వెదకుచు కనుమల వరకు ఎక్కారు. విడిదిలలో, ఆసుపత్రులలో, వర్తకుల శిబిరములలో విచారించారు. శవము గాని, కంబళి గాని, పుస్తకము గాని దొరకలేదు. మంచులో పడ్డారో, నదిలో జారారో, యాత్రికుల మధ్య వ్యాధిన పడి పేరు తెలియని వారితో కలిసి సమాధి అయ్యారో, కనుమ దాటి అక్కడ చంపబడ్డారో ఎవరికీ తెలియదు. నాలుగేండ్లు కనిపెట్టి 1933లో ఆయనను మరణించినవానిగా ఎంచి ఆయన వీలునామాను అమలుపరచారు.

పూలోని మిషను కూడా ఇప్పుడు లేదు. 1962 యుద్ధముతో నీతి కనుమ వర్తకులకు మూసివేయబడింది, గొర్రెల బిడారులు ఆగిపోయాయి. సట్లెజ్ లోయలో ఆయన చెప్పులు లేక నడిచిన పాత బాటకు క్రింద ఇప్పుడు బస్సులు, సైనిక లారీలు పోయే రోడ్డు ఉన్నది. రోగీ యొద్ద పాత బాట కొన్ని తావులలో ఇంకా కనబడుతుంది. కోట్‌గఢ్ కొండలనిండా స్టోక్స్ గారు నాటించిన ఆపిల్ తోటలు. మే నెల వచ్చేసరికి పైన మంచు కరుగనారంభించి సట్లెజ్ నీరు బురద రంగు తిరిగి పొంగుతుంది. ఆయన మూట కట్టుకొని బయలుదేరే వేళ అదే.